దండెం మీద సున్నా

ఉప్పుగూడ,
జూన్ చివరి ఆదివారం.

ప్రియమైన నుజ్జూ,

ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసే ప్రిన్సిపాలమ్మ దగ్గర ఉద్యోగం వెతుక్కున్నావు చూడు, నిన్ను ఏమనాలో తెలియడం లేదు. ఆదివారం పూట నువ్వు హాస్టల్ నీళ్ల ట్యాంకు ఎక్కి మాట్లాడితే నాకు వినిపించేది గాలి, ఆ గాలి మధ్యలో నీ 'హలో'. అందుకే పోస్టాఫీసుకు వెళ్లి కవర్లు కొన్నాను. కౌంటర్లో ఉన్నావిడ "కోర్టు కాయితమా అమ్మా?" అని అడిగింది. దోస్తుకు ఉత్తరం అన్నాను. పక్క కౌంటర్ ఆయన్ని పిలిచి మరీ నన్ను చూపించింది.

ఇక కబురు. నాకు ఉద్యోగం దొరికింది. ఎన్నోది అని అడగకు. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పమని పిలిచి యూనిఫాం గుడ్డ అమ్మించారు, మానేశాను. బ్యాంకు కోచింగులో నన్ను రిసెప్షన్లో కూర్చోబెట్టి నవ్వమన్నారు, మానేశాను. మందుల కంపెనీలో పని చేస్తున్నట్టు కనిపించడమే పని, నిద్రొచ్చి మానేశాను. ఎమ్మెస్సీలో నీ పక్క బెంచీలో కూర్చుని లెక్చరర్ల నడకలు అనుకరించిన దాన్ని ఒక్క కుర్చీలో కుదురుగా కూర్చోమంటే ఎలా?

ఇది ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ. ఏడో తరగతి, తెలుగు మీడియం లెక్కలు. మా గల్లీలు, గౌలిపుర, చాంద్రాయణగుట్ట పిల్లలందరినీ కలిపి 'పాతబస్తీ బ్యాచ్' అని పేరు పెట్టారు. పొద్దున ఆరున్నరకు క్లాసు. పిల్లలు నిలిస్తే దసరాకి నన్ను పర్మనెంట్ చేస్తారు. పిల్లలు ఖాళీ అయితే నన్నూ ఖాళీ చేస్తారు. అలా అయితే నాకేం రాసిపెట్టి ఉందో అమ్మ ముందే చెప్పేసింది.

"గిది గిన ఇడిచిపెడ్తే ఇగ మాటల్లేవు. పోయి గౌలిపురల మామ పాల సెంటర్ గల్లా మీద కూసో. గింత లెక్కలు సదివినవ్ గద, ప్యాకెట్లు లెక్కవెట్టు."

మామ అప్పుడే గల్లా పక్కన నా కోసం కొత్త ఫ్యాను బిగించాడట. బెదిరింపులు నాకు అలవాటే కానీ, ఇలా ప్రేమగా ఫ్యాను బిగిస్తే మాత్రం భయమేస్తుంది.

మా కోఆర్డినేటర్ పేరు స్వీటీ. తీపి మొత్తం పేరుకే ఖర్చయిపోయింది. "ఉత్త మాటలు చెప్తే పిల్లలు ఫోన్ల ఇంకేదో తెరుస్తరు. ప్రతి పాఠంల కంటికి కనిపించే వస్తువుండాలె" అని ఆమె ఆజ్ఞ. బీఎడ్ వాళ్ల భాషలో బోధనోపకరణం. మన భాషలో ఇంట్లో ఏది దొరికితే అది. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి మొదలుపెట్టాను.

భిన్నాలకు చపాతీ. నాలుగు ముక్కలు చేసి, ఒకటి పక్కన పెట్టి, "మిగిలింది నాలుగింట మూడు" అని బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి మిగిలింది లేదు. రైల్వే డ్యూటీ దిగి వచ్చిన బాపు నిలబడే తినేశాడు. "నాకేం ఎరుక బిడ్డా, ప్లేట్ల ఉండె, తిన్న" అన్నాడు. సమీకరణాలకు కూరగాయల ఎల్లమ్మ తరాజు తెచ్చాను. రెండు పళ్లేలూ సమంగా వచ్చే వేళకు ఆమె గుమ్మంలో నిలబడి, "నా తరాజు ఇయ్యి బిడ్డా, బేరం పోతున్నది. నీ ఎక్సు ఎంతనో రేపు సూద్దువు గని!" అని కేకలు. ఆ రోజు పిల్లలు మొదటిసారి నవ్వారని నా అనుమానం. అనుమానం అని ఎందుకంటున్నానంటే, వాళ్లు నాకు కనిపించరు. కెమెరాలు ఆఫ్. నల్లటి గళ్లు, గళ్లలో పేర్లు.

మైకు తెరుచుకున్నా పిల్లల గొంతు రాదే, నాన్నల గొంతు వస్తుంది! ఇక్కడ దుకాణాలు పదకొండుకు కదా తెరిచేది. పొద్దున్నే నాన్నలంతా చాయ్ గ్లాసు పట్టుకుని పిల్లల పక్కన బైఠాయిస్తారు. ఉమ్మే హానీ అని ఒక పిల్ల ఉంది. ఆ పిల్లను ఏది అడిగినా పరుపుల దుకాణం హమ్మాద్ భాయ్, అంటే వాళ్ల నాన్న, జవాబు చెబుతాడు. సగం తప్పు. తప్పని నేనంటే, నీకు వినిపించట్లేదా అని పిల్ల మీద అరుస్తాడు: "సునాయీ నై దేరా క్యా? మిస్ గలత్ బోల్రై!" ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకింతవరకూ తెలియదు. ఇలాగే సాగితే పిల్లలు నిలవరు, నాకు తెలుసు.

ఇది చాలదన్నట్టు ఇంకో గండం. బోర్డు మీద నేను రాసింది ఫోన్లో ఉల్టా కనిపిస్తోంది, అద్దంలో చూసినట్టు. నేను తల పట్టుకుంటే కింది వాటాలో ఉండే బాబూమియా చాచా నవ్వాడు. ఆయన పని తెలుసు కదా, దుకాణాల అద్దాల తలుపుల మీద పేర్లు రాయడం. రంగు వానకు పోకుండా లోపలి వైపు నుంచి, బయట వాళ్లకు సరిగ్గా కనిపించేలా ఉల్టా రాస్తాడు.

"గింతేనా బిడ్డా? నేను జిందగీ అంత ఉల్టానే రాసిన. రా, కూసో."

అలా కూర్చోబెట్టి నేర్పాడు. నుజ్జూ, ఇప్పుడు నేను మూడు, ఐదు, ఎక్సు, వై అన్నీ కళ్లు మూసుకుని ఉల్టా రాయగలను. ఫోన్లో చూస్తే ముత్యాల్లా సీదాగా కనిపిస్తున్నాయి. ఈ ఉద్యోగం మాత్రం వదలను. చూస్తూ ఉండు.

నీ చాక్‌పీసు పొడికి దిష్టి తీస్తూ,
సాయిప్రియ

*

ఆసిఫాబాద్ అవతల,
జూలై, వాన.

నా పిచ్చి ప్రియా,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, చాచా దగ్గరికి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆపవే! ఇది చదువుతున్న చోటే ఆ మార్కరు కింద పడెయ్యి!

ఉల్టా కనిపించేది నీకు ఒక్కదానికే. నీ బొమ్మను నీకు మాత్రమే ఫోను అద్దంలా చూపిస్తుంది. అవతలి వాళ్లకు అన్నీ మామూలుగానే వెళతాయి. నువ్వు సీదాగా రాసినప్పుడు పిల్లలకు సీదాగానే కనిపించింది. ఇప్పుడు నువ్వు కష్టపడి ఉల్టా రాస్తుంటే వాళ్లకు ఉల్టాగా కనిపిస్తోంది. ఎమ్మెస్సీలో పరావర్తనం మీద సెమినార్ ఇచ్చింది నువ్వే కదటే!

నమ్మకపోతే మా ఇక్బాలున్నీసా ఖాలా కథ విను. ఆమె ముక్కుపుడక ఎడమవైపు. వీడియో కాల్లో తన బొమ్మ చూసుకుంటే కుడివైపు కనబడింది. ఫోను అమ్మిన దుకాణానికి వెళ్లి, "మేరీ నథ్ ఇధర్ సే ఉధర్ కైసే గయీ?" అని బజారంతా వినేలా లొల్లి చేసింది. చివరికి ఆ దుకాణం అతను ఇంకో ఫోన్లో ఆమెకే ఆమెను చూపించాడు. పుడక ఎడమవైపే ఉంది. "వీడి ఫోను మంచిది, నాది పాడైంది" అని కొత్తది అడిగింది, అది వేరే సంగతి. నువ్వు అమ్మ ఫోనుతో నీ క్లాసులోకి దూరి చూసుకో.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఇన్ని రోజులూ ఒక్క పిల్ల కూడా నీకు చెప్పలేదా?

ఇక్కడ నా బోధనోపకరణాల సంగతీ విను. రుణ సంఖ్యలకు చింతగింజలు పెట్టాను. ఒకవైపు అరగదీస్తే తెలుపు. నలుపు పడితే ధనం, తెలుపు పడితే రుణం. పిల్లలు మస్తుగా ఆడుతున్నారు, లెక్క దానంతట అదే వస్తోంది. ప్రిన్సిపాలమ్మ కిటికీలోంచి చూసి, "క్లాసులో పచ్చీసా? జూదమా?" అని గింజలన్నీ కొంగులో కట్టుకుని వెళ్లింది. మర్నాడు టీచర్ల గదికి వెళితే ఏముంది, ఆమే, వార్డెనమ్మే, పచ్చీసు.

వాగు పొంగింది, ట్యాంకు మీద సిగ్నలూ పోయింది. ఈ ఉత్తరం హాస్టల్‌కు కూరగాయలు తెచ్చే ఆటో మళ్లీ వచ్చినప్పుడే వెళుతుంది. అప్పటిదాకా నువ్వు ఇంకెన్ని అంకెలు తిప్పేస్తావో తలుచుకుంటే నాకు ఫికర్. ఈ ఉద్యోగం నీకు కావాలని నాకు తెలుసు. అందుకే తిడుతున్నాను.

ట్యాంకు మీద నుంచి,
నీ నుజహత్

*

ఉప్పుగూడ,
బోనాల మర్నాడు.

ప్రియాతిప్రియమైన నుజ్జూ,

జవాబు రాయవు. వాగులో కొట్టుకుపోయావా? సరే, నా విజయగాథ నేనే చెప్పుకుంటాను.

బ్యాచ్ పెరిగింది! సగమవుతుందనుకున్నది రెట్టింపుకు దగ్గరపడింది. ఉమ్మే హానీ తన బంధువుల పిల్లల్ని చేర్పించింది, వాళ్లు వాళ్ల పక్కింటి వాళ్లను. కారణం నీకు చెప్పక్కర్లేదు. మీ స్నేహితురాలి ఉల్టా రాత, బాబూమియా చాచా కుంచె.

ఇప్పుడు రుణ సంఖ్యలు నడుస్తున్నాయి. వానలకు బట్టలు బయట ఆరవు కదా, గదిలోనే గోడ నుంచి గోడకు దండెం కట్టాం. దాన్నే సంఖ్యారేఖ చేశాను. చాచా అట్టముక్కల మీద ఎర్ర రంగుతో అంకెలు ఉల్టా రాసి ఇచ్చాడు. నా ఫోన్లో మైనస్‌లు ఎడమకు, ప్లస్‌లు కుడికి కనిపించేలా చూసుకుని క్లిప్పులు పెట్టాను. మధ్యలో సున్నా. ఒక్కటే ఇబ్బంది, బట్టలు కూడా అక్కడే ఆరాలి. శనివారం ఒక చిన్న గొంతు, "మిస్, బనియన్ ఎంత?" అని అడిగింది. చూస్తే బాపు బనియను మైనస్ రెండుకూ మైనస్ మూడుకూ నడుమ వేలాడుతోంది. "మీరే చెప్పండి" అన్నాను. నాలుగైదు మైకులు ఒక్కసారే తెరుచుకున్నాయి: "మైనస్ రెండున్నర!" నుజ్జూ, నాకు ఏడుపొచ్చినంత పనైంది. పిల్లల గొంతులు! వాళ్లవే!

అన్నిటికన్నా వింత చెప్పనా? నాన్నల గొంతులు ఆగిపోయాయి. హమ్మాద్ భాయ్ అయితే బొత్తిగా మాయం. పాఠం ఇంత విడమరిచి కళ్ల ముందు పెడితే పక్కన కూర్చుని చెప్పాల్సిన పని వాళ్లకేం ఉంటుంది? మొన్న చాంద్రాయణగుట్టలో అమ్మతో దిండ్లు కొనడానికి వెళితే ఆయన దుకాణమే తగిలింది. నేనెవరో చెప్పలేదు. ఆయన పక్క దుకాణం అతనితో అంటున్నాడు:

"కొత్త సిలబస్ భాయ్. సెంట్రల్ వాళ్లది. మన జమానాల లేకుండె. మస్తు టఫ్ ఉన్నది, అందరికీ సమజ్ కాదు."

అవతలివాడు, "హౌ, నేను గూడ చూసిన" అని తలూపాడు. గర్వంతో నేను దిండుకు బేరం కూడా ఆడలేదు. అమ్మ ఇప్పటికీ తిడుతోంది.

స్వీటీ మేడం క్లాసు ఎన్నడూ చూడదు, హాజరు గీత మాత్రమే చూస్తుంది. ఆ గీత పైకి లేచింది కాబట్టి ఫోన్ చేసి, "ఏం జేస్తున్నవమ్మా నువ్వు?" అంది. బోధనోపకరణాలు అన్నాను. ఆగస్టు రెండో ఆదివారం నాది మోడల్ క్లాసట. బెంగళూరు నుంచి పెద్దసారు చూస్తాడు, తల్లిదండ్రులంతా పిల్లల పక్కన కూర్చుని చూడాలి, కెమెరాలన్నీ తెరిచి ఉండాలి. బాగా జరిగితే దసరా దాకా ఆగక్కర్లేదు, ఆ రోజే ఆర్డరు. పాడైతే కూడా దసరా దాకా ఆగక్కర్లేదు, అది ఆమె అనలేదు కానీ గొంతు అంది.

నాకేం భయం? నా దగ్గర ఉల్టా విద్య ఉంది.

విజయగర్వంతో,
మీ పాతబస్తీ గణిత చక్రవర్తిని

*

ఉప్పుగూడ,
గురువారం.

నుజ్జూ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. కూరగాయల ఆటో కాళ్లు విరగ.

అమ్మ ఫోనుతో నా క్లాసులోకి నేనే దూరి చూశాను. నా వెనక దండెం, దండెం మీద ఎర్రగా తిరగబడ్డ అంకెలు. మైనస్‌లు కుడివైపు, ప్లస్‌లు ఎడమవైపు. మధ్యలో సున్నా ఒక్కటే ఎటు చూసినా తప్పు పట్టలేనట్టు ఉంది. నేను ఆ పక్కన చక్రవర్తినిలా చిరునవ్వు నవ్వుతున్నాను.

చాచా దగ్గరికి పరుగెత్తాను. ఆయన ముందు చాలాసేపు ఆలోచించాడు. తరవాత, "అయితే అంకెలు మంచిగ కనిపించినయా లేదా?" అన్నాడు. ఉల్టాగా కనిపించాయి చాచా అన్నాను. "హౌ గని, ఉల్టాల మంచిగ కనిపించినయి గద?" ఆయనకు కావాల్సింది ఆ ఒక్క మాటే.

ఈరోజు క్లాసు చివర అడిగేశాను. "నేను రాసేది మీకు తిరగబడి కనిపిస్తోందా?" నల్లటి గళ్లు. ఎంతసేపటికో ఒక మైకు తెరుచుకుంది. ఉమ్మే హానీ.

"మొదటి దినమే సూసినం మిస్. చెప్దామనుకున్నం. గని అబ్బా పక్కకే కూసున్నడు. 'యే క్యా హై, యే క్యా హై' అనుకుంట శానసేపు సూసి, తల పట్టుకొని లేసి పోయిండు. నేను కొత్త సిలబస్ అని చెప్పిన. మళ్ల రాలే."

"అయితే మీరెట్ల చదివారే?"

"ఉర్దూ చదువుతం గద మిస్, కుడి దిక్కు నుంచి సదువుడు మాకు అలవాటే." ఇంకో గొంతు: "నేను అద్దం వెట్టుకున్న మిస్." ఇంకోటి: "కాపీల సీదానే రాసుకుంటున్నం మిస్, ఫికర్ చెయ్యకుండ్రి."

అప్పుడు ఉమ్మే హానీ మెల్లగా అంది, "అబ్బా పక్కకుంటే నాకు వచ్చిన లెక్క గూడ పోతది మిస్. ఉల్టానే రాయుండ్రి. ప్లీజ్ మిస్."

ఆ తరవాత అందరూ. ప్లీజ్ మిస్, ప్లీజ్ మిస్. నా బ్యాచ్ ఎందుకు పెరిగిందో అర్థమైందా? నా బోధనోపకరణాల మహిమ కాదే. ఊళ్లో నాన్నలు కూర్చోలేని ఒకే ఒక్క క్లాసు నాది!

ఆదివారం మోడల్ క్లాసు. ఉల్టా రాస్తే బెంగళూరు పెద్దసారు ముందు నా తెలివి తెల్లారుతుంది. సీదాగా రాస్తే నాన్నలకు అర్థమైపోతుంది, గొంతులు తిరిగొస్తాయి, పిల్లలు నోరు మూసుకుంటారు. ఎటు తిరిగినా గౌలిపుర గల్లాయే. గల్లా సంగతి అలా ఉంచు. ఆ పిల్ల ఇప్పుడిప్పుడే మాట్లాడుతోంది నుజ్జూ. అది ఆగిపోతే నేను పాల ప్యాకెట్లు లెక్కపెట్టడానికే తగుదును.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆదివారం అయిపోతుంది. అయినా రాస్తున్నాను, ఇంకెవరికి చెప్పను?

దండెం కింద కూర్చుని,
ప్రియ

*

ఆసిఫాబాద్ అవతల,
బుధవారం.

ప్రియా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆదివారం ట్యాంకు ఎక్కి నీకు చేశాను, నీ ఫోను ఎత్తలేదు. మీ అమ్మ ఫోనుకు చేస్తే ఆమె ఎత్తి, "అది ఇప్పుడు మాట్లాడేటట్టు లేదు బిడ్డా, గల్లీల మొగోళ్లంత నిలబడ్డరు" అంది. అంతలో గాలి.

గల్లీలో మగవాళ్లంతా ఎందుకు నిలబడ్డారే? నిన్ను కొట్టడానికి వచ్చారా? ఎవరొచ్చారు? ఏం జరిగింది? కూరగాయల ఆటో ఇక్కడే ఉంది, డ్రైవరు చాయ్ తాగుతున్నాడు, అందుకే ఇంతే రాస్తున్నాను. వెంటనే జవాబు. లేకపోతే నిన్ను చింతగింజల్లో ఆడేస్తాను.

ఊపిరి బిగపట్టి,
నుజహత్

*

ఉప్పుగూడ,
వినాయక చవితి పందిళ్లు వేస్తున్నారు.

నా నుజ్జూ,

మొగుళ్లు, మామలు, నాన్నలు, మా గల్లీలోనే కాదు, చాంద్రాయణగుట్ట దాకా నిలబడ్డారు. నిలబెట్టింది నేనే. మొదటి నుంచి విను.

సీదాగానే రాశాను. చాచా శనివారమంతా కూర్చుని అట్టలన్నీ మళ్లీ రాశాడు. సీదా రాత ఆయనకు చేతికి రాక రెండుసార్లు ఐదును తిప్పేసి, తనను తానే తిట్టుకున్నాడు. దండెం మీద బట్టలు తీసేయించాను.

ఆరున్నర. గళ్లు ఒక్కొక్కటే వెలిగాయి. అన్ని రోజులూ పేర్లుగా చూసిన పిల్లలు ముఖాలయ్యారు. ప్రతి ముఖం పక్కన ఒక నాన్న. ఇస్త్రీ చొక్కాలు, దువ్విన తలలు. హమ్మాద్ భాయ్ కళ్లకు సుర్మా కూడా పెట్టుకున్నాడు. పై గళ్లలో బెంగళూరు పెద్దసారు, స్వీటీ మేడం. ఉమ్మే హానీ నా వెనక సీదా అంకెలు చూసి నన్నొక చూపు చూసింది. దోస్తీ తెగిన చూపు.

"మనం మైనస్ మూడు దగ్గర ఉన్నాం. అందులోంచి ఇంకో నాలుగు తీసేస్తే ఎక్కడికి వస్తాం? ఉమ్మే హానీ?"

ఆ పిల్ల పెదవులు కదిలాయి. అంతలోనే హమ్మాద్ భాయ్, "ప్లస్ సాత్! మైనస్ మైనస్ ప్లస్!"

"హౌ, మైనస్ మైనస్ ప్లస్సే" అన్నాడు గౌలిపుర గడిలో ఒక నాన్న. అన్ని గళ్లలోనూ నాన్నలు తలలూపారు. పెద్దసారు కూడా తలూపాడు నుజ్జూ! స్వీటీ మేడం బొటనవేలు చూపించింది. పిల్లలు మాత్రం కిందికి చూస్తున్నారు. వాళ్లందరికీ జవాబు తెలుసని నాకు తెలుసు. బనియనుకే లెక్క చెప్పిన పిల్లలు! తప్పండీ అని నేనంటే హమ్మాద్ భాయ్ తిట్టేది నన్ను కాదు, ఆ పిల్లను.

ఏం చేయాలో తోచక నిలబడ్డాను. అప్పుడే బాపు డ్యూటీ దిగి, టిఫిన్ డబ్బాతో లోపలికొచ్చి, కెమెరా ముందే ఆగాడు.

"కరెక్టే గద బిడ్డా. మైనస్ మైనస్ ప్లస్. ఏందట్ల సూస్తున్నవ్?"

ఇక నాకు తిక్క రేగింది. "బాపూ, ఇటు రా. సున్నా కింద నిలబడు" అన్నాను. నిలబడ్డాడు. "మైనస్ దిక్కు మూడడుగులు వెయ్యి." వేశాడు. "ఇంక నాలుగు." మైనస్ ఐదు దగ్గర మా గుమ్మం వచ్చేస్తుంది. బాపు ప్రభుత్వ ఉద్యోగి, చెప్పింది చేస్తాడు. గుమ్మం దాటి కెమెరాలోంచి మాయమయ్యాడు.

"బాపూ, ఎక్కడున్నవ్?"

"మెట్ల మీదున్న."

"ప్లస్ ఏడు ఎక్కడుంది?"

బయట నుంచి, "వంటింట్ల ఉన్నట్టున్నది."

"మరి నువ్వు వంటింట్లకు వచ్చినవా, మెట్ల మీదికి పోయినవా?"

"...మెట్ల మీదికే పోయిన బిడ్డా."

అన్ని గళ్లలో పిల్లలు నవ్వారు. నాన్నలు నవ్వలేదు. తలుపు వైపే చూస్తున్నారు, బాపు తిరిగొస్తాడేమోనని. ఆ ఖాళీ గుమ్మం చూస్తుంటే నాకు తట్టింది.

"ఇప్పుడు నాన్నలందరూ లేవండి. మీరున్న చోటే సున్నా. తలుపు దిక్కు మైనస్. పిల్లలు చెబుతారు, మీరు నడవండి. నాన్నలే ఇవాళ్టి బోధనోపకరణం."

బెంగళూరు పెద్దసారు చూస్తున్నాడాయె, ఏ నాన్న కాదంటాడు? లేచారు. పిల్లల గొంతులు చూడాలి! "అబ్బా, పీఛే! ఔర్ పీఛే!" "బాపూ, ఇంక నాలుగు, గట్టిగ ఎయ్యి!" ఒకాయన వెనక్కి నడిచి మంచం మీద కూలబడ్డాడు. ఒకాయన కూలర్‌కు గుద్దుకున్నాడు. మన ఇళ్లెంత ఉంటాయి నుజ్జూ? ఒక గది, గది దాటితే గల్లీ. ఏడడుగులు వేసేసరికి హమ్మాద్ భాయ్ బయట పడ్డాడు. స్కూటర్ హారను, "అరే మియా, దేఖ్ కే!" అనే కేక నాకు ఇక్కడికి వినిపించాయి. మా గల్లీలో కూడా నాలుగిళ్ల నాన్నలు చొక్కా గుండీలు సర్దుకుంటూ బయటికొచ్చి, మెట్ల మీద టిఫిన్ డబ్బాతో నిలబడ్డ బాపును చూసి, "నీది గూడ మైనస్ సాతేనా?" అని అడిగారట. అమ్మ నీకు చెప్పింది ఆ గుంపు గురించే.

ఉమ్మే హానీ లేచింది. వెళ్లి తలుపు దగ్గరగా వేసి, వచ్చి కూర్చుని, దుపట్టా సర్దుకుని, కెమెరాలోకి సూటిగా చూసింది.

"మైనస్ ఏడు, మిస్."

ఆ తరవాత నన్నెవరూ ఆపలేదు, వాళ్లనూ ఎవరూ ఆపలేదు. మైనస్ తొమ్మిదికి ఐదు కలిపాం, మైనస్ రెండులోంచి మైనస్ ఆరు తీశాం. ఒకడు తప్పు చెబితే ఇంకొకతె దిద్దింది. నవ్వుకున్నారు, పోట్లాడుకున్నారు. తప్పు చెప్పినవాడు కూడా మళ్లీ చెయ్యెత్తాడు. పై గడిలో ఖాళీ కుర్చీ కనబడితే కంగారుపడ్డాను. పెద్దసారు కూడా వెనక్కి నడిచి గోడకు ఆనుకుని ఉన్నాడు. "మేడం, నేను రావొచ్చా?" అని అక్కడి నుంచే అడిగాడు.

అంతలో ఉమ్మే హానీ ఇంటి తలుపు మీద చప్పుడు.

"బేటీ, అందర్ ఆవూఁ క్యా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. అది తలుపు వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, గట్టిగా అంది: "నక్కో అబ్బా! ఇంకో లెక్క ఉన్నది. ఆడనే ఉండుండ్రి!"

గల్లీలోంచి ఆయన గొంతు, ఎవరితోనో, దర్జాగా: "మేరీ బేటీ హై. లెక్కలు చేస్తున్నది. ఆవాజ్ చెయ్యకుండ్రి."

ఆర్డరు ఆ సాయంత్రమే వచ్చింది. స్వీటీ మేడం ఫోన్ చేసి, "మిగతా టీచర్లకు గూడ నాన్నలను నడిపిచ్చుడు నేర్పాలె నువ్వు" అంది, దాదాపు తీయగా. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఇంకో ఉద్యోగం ఆలోచనే రాలేదు. ఆ సంగతి నీకు రాస్తున్నప్పుడే గమనించాను.

ఇప్పుడు రోజూ పాఠం మొదట నాన్నల నడక. గల్లీ చివర చాయ్ బండి అతను పొద్దున్నే తెరుస్తున్నాడు. అక్కడ నిలబడి మైనస్ మైనస్ ఎప్పుడు ప్లస్ అవుతుంది, ఎప్పుడు కాదు అని వాళ్లలో వాళ్లే కొట్లాడుకుంటున్నారట. తేలని లెక్కలు తెచ్చి సాయంత్రం పిల్లల్ని అడుగుతున్నారు.

ఇక ఉంటానే. ఆరున్నర కావస్తోంది. అక్కడ నాన్నలు చెప్పులేసుకుంటూ ఉంటారు.

నీ,
సాయిప్రియ